నాన్న పడక్కుర్చీకి కొత్త గుడ్డ వేయించాలి, అమ్మ కూర్చోగలిగేలా చేయాలి. తెలిసినవాళ్ళు చెప్పండి

వసారా గాలి:

నమస్తే అందరికీ. అడుగుదాం అడుగుదాం అనుకుంటూ ఇవాళ్టికి కుదిరింది. మాది తెనాలి, ఇప్పుడు హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఫ్లాట్‌లో ఉంటున్నాం. నాన్న పోయి రెండేళ్ళయింది, మొన్న సంక్రాంతి అయ్యాక ఊళ్ళో ఇల్లు అమ్మేశాం, బీరువా మంచాలు అన్నీ అక్కడే ఎవరెవరికో ఇచ్చేసి నేను మాత్రం నాన్న పడక్కుర్చీ ఒక్కటి అడిగి తెచ్చుకున్నా.

టేకుది, మడత పెట్టేది. ఎంత వాలాలో మార్చుకోడానికి వెనక కర్ర ఆనించే నాలుగు గాట్లుంటాయి, నాన్న ఎప్పుడూ మూడో గాట్లోనే పెట్టుకునేవాడు. స్కూల్నుంచి వచ్చి, పంచె మార్చుకుని, కాళ్ళు కడుక్కుని వసారాలో ఆ కుర్చీలో వాలాడంటే ఇంక మేం ఎవ్వరం అరిచేవాళ్ళం కాదు, ఒక అరగంట పేపరు, తర్వాత రేడియోలో విజయవాడ కేంద్రం. కుడి చేతి మీద కాఫీ గ్లాసు పెట్టీ పెట్టీ గుండ్రటి మరకలు ఒకదాని మీద ఒకటి పడిపోయి ఉన్నాయి. గుడ్డ పైభాగంలో తల ఆనిన చోట నూనె మరక. అది చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

విషయం ఏంటంటే, ఆ గుడ్డ పోయినవారం మా బాబు కూర్చోగానే కింద కుట్టు దగ్గర చిరిగిపోయింది. వెనక కాలొకటి కొంచెం పిండి రాలుతోంది కూడా. మావారు ఎందుకింత హైరానా, మంచి రిక్లైనర్ కొనుక్కుందాం అంటున్నారు. ఆయన తప్పేం లేదు, నా మీద ప్రేమతోనే అంటున్నారు. కానీ నాకు రోజంతా ఆఫీసు పని అయ్యాక ఆ కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే వచ్చే నెమ్మది ఆ షోరూముల్లో కూర్చుని చూసిన వేటిలోనూ రాలేదు.

ఇంకొకటి. అసలు రాయడం దీనికోసమే. అమ్మకి 72. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ కుర్చీ తుడుస్తుంది. కానీ నలభై ఏళ్ళు ఆ ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు, నాన్న ఎప్పుడూ వద్దన్లేదు, ఆవిడే గడప దగ్గరో పీట మీదో కూర్చునేది. "కూర్చోమ్మా" అంటే "నాకెందుకే, మోకాళ్ళు, లేవలేను" అంటుంది. మోకాళ్ళ మాట నిజమే. అది కాక ఇంకేదో కూడా ఉందనిపిస్తుంది. ఆవిడ హాయిగా కూర్చుని లేవగలిగేలా ఈ కుర్చీని ఏమైనా మార్చొచ్చా? ఎలాంటి గుడ్డ తేవాలి, ఎవరు కుడతారు?

గోదారి చెక్కపని:

అండీ ముందుగా ఒక్కమాట, పాత గుడ్డ పారేయకండి. నూనె మరక ఉన్న ముక్క కోసి దాచుకోండి, మిగతాది కొలతకి కావాలి. మాది రాజమండ్రి, మా నాన్నగారి కాలం నుంచీ చెక్కపనే, ఇలాంటి కుర్చీలు ఇప్పటికీ నెలకి ఒకటో రెండో వస్తూనే ఉంటాయి.

గుడ్డ: మందపాటి కాటన్ క్యాన్వాసు, కొట్లో డక్ గుడ్డ అనడగండి. సోఫా గుడ్డ వద్దు, సాగిపోతుంది. టార్పాలిన్ లాంటి ప్లాస్టిక్ కలిసింది అస్సలు వద్దు, వీపంతా చెమట పట్టేస్తుంది. కాటన్ కాబట్టి తెచ్చాక ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కొయ్యండి, లేకపోతే ఎప్పుడైనా ఉతికినప్పుడు ముడుచుకుపోయి కర్ర మళ్ళీ ఎక్కదు. గుడ్డ పొడవు, అంటే నేత నిలువు పోగు, తల నుంచి కాళ్ళ వైపుకి రావాలి. అడ్డంగా కోసి కుట్టినవి ఏడాది తిరిగేలోపు గోతిలా దిగిపోతాయి, నేను చాలా చూశాను.

కుట్టు: ఇంటి మిషను మీద వద్దండీ, నాలుగు మడతల క్యాన్వాసు మీద సూది విరుగుతుంది. బ్యాగులు కుట్టేవాళ్ళు, కారు సీటు కవర్లు కుట్టేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళండి. కర్ర దూర్చే గొట్టం దగ్గర నైలాన్ దారంతో మూడు వరసలు కుట్టమనండి, మీది చిరిగింది సరిగ్గా అక్కడే, బరువంతా పడేదీ అక్కడే.

ఇప్పుడు అమ్మగారి సంగతి. పాత గుడ్డ కన్నా కొత్తది రెండంగుళాలు పొట్టిగా కుట్టించండి. అంతే, సీటు పైకొస్తుంది, కిందకి గుంతలా దిగదు. ఇంకా ఎత్తు కావాలంటే కాళ్ళ కింద విడివిడి దిమ్మలు మాత్రం పెట్టకండి, జారిపోతాయి. కింద నేలకి ఆనే అడ్డకర్రలుంటాయి కదా, ముందు ఒకటి వెనక ఒకటి, వాటి కింద రెండంగుళాల మందం చెక్క బద్దలు స్క్రూలతో బిగించి, బద్దల కింద రబ్బరు ముక్క అతికించండి. టైల్స్ మీద అది తప్పనిసరి.

పిండి రాలే కాలు గురించి, గోరుతో నొక్కి చూడండి, లోపలికి దిగకపోతే భయం లేదు. చిన్న చిన్న కన్నాలుంటాయి, సిరంజితో పురుగు మందు పట్టించి రెండ్రోజులు ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచండి. పాత వార్నిష్ గీకేసి అవిసె నూనె రాసుకుంటే టేకు రంగు మళ్ళీ తేలుతుంది. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండలా చుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, పరిచి ఆరేసి పారేయండి. కాఫీ మరకల దగ్గర గరుకు కాగితం ఆనించొద్దని మీ వడ్రంగికి ముందే చెప్పండి. చెప్పకపోతే అది మరకే కదా అని మంచి మనసుతోనే తీసేస్తాడు.

ఓరుగల్లు బిడ్డ:

అక్కా మీ పోస్ట్ చదివి కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. మా ఇంట్ల కుర్చీ లేకుండె, నులక మంచమే. మా నాయిన పొలం నుంచి వచ్చి యాపచెట్టు కింద గా మంచంల ఒరిగితే పది నిమిషాల్ల గురక. జనపనార నులక, ఆయనే అల్లుతుండె, వదులైతే నీళ్ళు చల్లి కాళ్ళ దిక్కు తాడు గుంజి బిగిస్తుండె, నేను పట్టె మీద కాలు పెట్టి తన్ని పట్టుకునేది, నాకు గప్పుడు ఎనిమిదేండ్లు ఉంటయేమో. కుక్కి మంచంల పంటె నడుము పోతదిరా అని నెలకోసారి బిగించకుంటె ఊకోకుండె. ఇప్పుడు ప్లాస్టిక్ తాడుతోని అల్లినవి అమ్ముతున్నరు, సల్లగ ఉండయి, వీపు మీద గీతలు పడుతయి.

మా అమ్మ గూడ గంతే అక్కా. మంచంల కూసోమంటె పట్టె మీద అంచుకి కూసునేది, పండుకునేది మాత్రం చాప మీదనే. నాయిన పోయినంక నేను హనుమకొండకి మంచం తెచ్చి, అమ్మా పండుకో అని ఎంత బతిలాడినా వినలే. ఆఖరికి ఏం చేసిన అంటె నా బిడ్డను పండబెట్టి, పోరి పడిపోతది జర పక్కకు ఒరుగు అన్న. గట్ల ఒరిగింది. ఇప్పుడు రోజు మధ్యాహ్నం ఇద్దరు గండ్లనే పంటున్నరు. మీరు గూడ కూసో కూసో అని ఎంబడి పడకుండ్రి, ఏదన్న పని చేతిల పెట్టుండ్రి.

విశాఖ ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టుని, పదిహేనేళ్ళుగా చూస్తున్నది ఈ నడుములూ మోకాళ్ళే కాబట్టి చెప్తున్నా. మీకు పది నిమిషాల్లో హాయిగా అనిపించడం ఉత్త జ్ఞాపకాల వల్లే కాదు. 2006లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో 22 మందిని రకరకాలుగా కూర్చోబెట్టి ఆ భంగిమలోనే ఎంఆర్ఐ తీసి చూశారు, నిటారుగా 90 డిగ్రీల్లో కూర్చున్నదానికంటే వీపుకీ తొడలకీ మధ్య సుమారు 135 డిగ్రీల కోణం వచ్చేలా వెనక్కి వాలి పాదాలు నేలకి ఆనించి కూర్చున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కుల మీద భారం తక్కువగా కనిపించింది. మీ నాన్నగారి మూడో గాటు దాదాపు అక్కడికే వస్తుందేమో కొలిచి చూడండి.

అయితే గుడ్డ కుర్చీలో నడుము విల్లులా వంగిపోతుంది, అందుకని నడుము వంపు దగ్గర చిన్న దిండు పెట్టాలి. రెండోది ఎవరూ చెప్పరు: ముందువైపు కర్ర తొడల కింద నొక్కుతుంది. అమ్మగారు సన్నగా ఉంటే ఇంకా ఎక్కువ నొక్కుతుంది. ఒక టవలు నాలుగు మడతలు పెట్టి ఆ కర్రకి చుట్టి కట్టేయండి, కాళ్ళు తిమ్మిరెక్కవు. లేచేటప్పుడు ఒక్క ఉదుటున లేవకూడదు, ముందుకి జరిగి, పాదాలు మోకాళ్ళ కిందకి లాక్కుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి లేవాలి. కుర్చీని గోడకి దగ్గరగా వేసి పక్కన బరువైన బల్లలాంటిది ఏదైనా ఉంచండి, పట్టుకోడానికి. ఆవిడకి మూడో గాటు వద్దు, మొదటి గాటులో నిలువుగా పెట్టండి. గాటులో కర్ర సరిగ్గా కూర్చుందో లేదో ప్రతిసారీ మీరే చూడండి, పిల్లల వేళ్ళు అక్కడే నలుగుతాయి.

డాలస్ నుంచి:

ఇక్కడ హాల్లో రెండు లెదర్ రిక్లైనర్లున్నాయి, బటన్ నొక్కితే కాళ్ళు లేస్తాయి, బానే ఉంటాయి, వాటిని తప్పు పట్టను. కానీ మా నరసాపురం ఇంట్లో పేము అల్లిన పొడుగు చేతుల కుర్చీలో, చేతుల మీదకి కాళ్ళు చాపుకుని, వానాకాలం పెంకుల మీంచి ధారలు పడుతుంటే చూస్తూ కూర్చున్నంత సుఖం ఇక్కడ ఇరవై ఏళ్ళలో లేదండీ. పేము కన్నాల్లోంచి గాలి వీపుకి తగిలేది. ఆ కుర్చీ ఏమైందో కూడా నాకు తెలీదు, ఎవరో పట్టుకుపోయారు, నేను అడగలేదు. మీరు అడిగి తెచ్చుకున్నారు చూడండి, అది చాలా మంచి పని చేశారు.

వసారా గాలి:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. మూడు వారాలైంది కదా ఏమైందో చెప్దామని వచ్చా.

గుడ్డ దొరికింది, పాతదానిలా నీలం చారలది దొరకలేదు, ముదురు ఆకుపచ్చ తెచ్చా. కారు సీట్లు కుట్టే ఆయన మూడు వరసలు కుట్టాడు. పాతదాని కంటే రెండంగుళాలు తగ్గించాం. కింద బద్దలు మా వీధి చివర వడ్రంగి బిగించాడు, కాఫీ మరకలు అలాగే ఉన్నాయి, ఆయన చేతిలో గరుకు కాగితం ఉన్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డా. కాలికి మందు పట్టించాక పిండి రాలడం ఆగింది.

ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చేశా. మొన్న ఆదివారం చిక్కుడుకాయలు తెచ్చి బాల్కనీలో కుర్చీ మొదటి గాట్లో పెట్టి, టవలు చుట్టి, "అమ్మా ఇవి ఈనెలు తీసి పెట్టవా, కింద కూర్చుంటే మోకాళ్ళు నొప్పులు కదా" అని గిన్నె ఇచ్చేసి వంటింట్లోకి వచ్చేశా. వెనక్కి చూళ్ళేదు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చెక్క కిర్రుమంది, ఆ కిర్రు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పావుగంటయ్యాక వెళ్ళి చూస్తే సగం కాయలు ఒలిచి గిన్నె ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది, కుడిచెయ్యి సరిగ్గా ఆ మరకల మీద ఉంది.

లేచేటప్పుడు ఫిజియో మేడమ్ చెప్పినట్టు నేర్పించా, వస్తోంది. నిన్న తనే "ఆ వెనక కర్ర ఇంకో గాటు కిందకి దించు" అంది. రెండో గాటు ఫరవాలేదా మేడమ్, లేక ఇంకొన్నాళ్ళు ఆగమంటారా?