చిత్తూరు చెరువుల పాడు: కుంపిణీ పాపమా, బోర్ల పాపమా?

స్వర్ణముఖి: 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లు ఖాళీ చేయించారు కదా. అప్పటినుంచి ఈ వాదన తెగడం లేదు. మన తిరుపతి, చిత్తూరు చెరువులు ఇట్లా కావడానికి మూలం తెల్లదొరల పాలనా, తర్వాత మనం చేసుకున్నదా?

తూముకాడ: మూలం కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) పాలనే. 1800లో నిజాం నుంచి మదనపల్లె వైపు, 1801లో ఆర్కాటు నవాబు నుంచి చంద్రగిరి, చిత్తూరు వైపు వాళ్ల చేతికి పోయాయి. అంతకుముందు చెరువు ఖర్చు ఊళ్లోనే పుట్టేది. చెరువు తవ్వించి బాగు చూసేవాడికి దశబంధం ఇనాం (శిస్తు మినహాయింపుతో ఇచ్చే భూమి), నీళ్లు పంచి కట్ట చూసే నీరుగంటికి కళ్లంలోనే మేర, అంటే పంటలో వాటా. రైత్వారీలో (రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి) తరి, అంటే నీళ్లు పారే భూమి శిస్తు ఖజానాకు పోయింది, మట్టిపని ఊరి నెత్తిన మిగిలింది. జనం రాకపోతే 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది: పనికి రానివాడి దగ్గర ఆ పని విలువకు రెండింతలు వసూలు! ఆదాయం లాక్కుని వెట్టి మిగిల్చారు.

కాలువగట్టు: వెట్టి మాట ఒప్పుకుంటా. చెరువులు అప్పుడే చచ్చాయంటే ఒప్పుకోను. 1876-78 కరువు తర్వాత, 1883లో మొదలైన పునరుద్ధరణ పథకంలో ఒక్కో చెరువుకు కట్ట ఎత్తు, తూము కొలత, మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పొడవు, ఆయకట్టు (చెరువు కింద పారే పొలం) రాసిపెట్టారు. ఇప్పుడు ఆక్రమణ తేల్చాలన్నా అలాంటి కొలతలే కావాలి. చెరువును మనచేత వదిలించింది బోర్లు, 2004 నుంచి ఉచిత కరెంటు. బోరున్నవాడు పూడిక తీసే రోజు రాడు.

తూముకాడ: అన్నా, కట్ట కొలతలు రాశారు గానీ, ఏటా ఆ కట్ట చూసే మనిషికి కూలి ఎక్కడిదో రాయలేదు. పూడిక లెక్క చూడండి. ఎకరా చెరువులో అడుగు మందం పూడిక అంటే సుమారు 1,230 ఘనపు మీటర్లు. ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 400కు పైగా ట్రిప్పులు. వరికి నాలుగడుగుల దాకా నీళ్లు కావాలి. నాలుగెకరాల్లో అడుగు పూడితే ఒక ఎకరా వరి పోయినట్టే. ఏటేటా తీస్తే ఊరు మోయగలదు, యాభై ఏళ్లది ఒక్కసారి మోయలేదు.

మొరవకాడ: కట్టలు తెగేది ఎందుకో కూడా చూడండి. నీళ్లు ఎక్కువ నిలవాలని మొరవ మీద రాళ్లు పేరుస్తారు, వరదొస్తే నీళ్లు కట్ట మీదుగా దూకుతాయి. రెండోది సర్కారు తుమ్మ. (1870లలో కడప జిల్లా కమలాపురంలో నాటించిందీ ఆ పాలనే.) చెట్టు కొట్టి మొద్దు వదిలేస్తే వేరు కుళ్లి కట్టలో సొరంగమవుతుంది. ఊట తేటగా వస్తే కనిపెట్టి ఉండాలి, బురదగా వస్తే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే. అప్పుడు బయటివైపు బంకమట్టితో మూయొద్దు, ఒత్తిడి పెరిగి ఇంకోచోట చిమ్ముతుంది. ముందు ఇసుక, దానిమీద సన్న కంకర, ఆపైన పెద్ద రాయి వేయాలి. నీరు రావాలి, మట్టి రాకూడదు.

ఇవన్నీ కనిపెట్టాల్సింది నీరుగంటి. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, ఆ మేర మాత్రం తిరిగి రాలేదు. ఎకరాకు ఇంత వడ్లని తీర్మానం రాసుకోండి. చెరువు నిండితేనే బోర్లో నీళ్లు ఊరేది, కాబట్టి బోరు రైతూ ఇవ్వాలి.

కాలువగట్టు: అది న్యాయమే. అయితే ఆయకట్టు బయట బోరున్నవాళ్లను సంఘంలో ఎట్లా చేరుస్తారు? అది తేల్చకపోతే రెండో పంటకే మేర ఆగిపోతుంది.