జడ్/ఓఎస్‌: మాక్స్‌ఫైల్‌ప్రాక్ పెంచినా "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" ఆగట్లేదు

ప్రశ్న: జడ్/ఓఎస్‌ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్)లో ఒక జావా స్టార్టెడ్ టాస్క్ (కన్సోల్ నుంచి స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) పొద్దున రీస్టార్ట్ చేస్తే బాగానే నడుస్తోంది, సాయంత్రానికి ఈడీసీ5124ఐ (అదే టూ మెనీ ఓపెన్ ఫైల్స్ ఎర్రర్) మొదలు. సెట్‌ఓఎంవీఎస్ కమాండ్‌తో మాక్స్‌ఫైల్‌ప్రాక్‌ని (ఒక ప్రాసెస్ ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవొచ్చో చెప్పే లిమిట్) 10000 నుంచి 64000 చేయించాం. పిసరంత తేడా లేదు. ఎక్కడ చూడాలండీ?

జవాబు: ముందు ఆ ప్రాసెస్‌కి నిజంగా ఎంత లిమిట్ ఉందో చూడండి. కన్సోల్‌లో డి ఏ,జాబ్‌పేరు ఇస్తే ఏఎస్‌ఐడీ (అడ్రస్ స్పేస్ నంబర్) వస్తుంది. డి ఓఎంవీఎస్,ఏఎస్‌ఐడీ= తో పీఐడీ (ప్రాసెస్ నంబర్) పట్టుకుని, డి ఓఎంవీఎస్,ఎల్,పీఐడీ= కొట్టండి. మాక్స్‌ఫైల్‌ప్రాక్ వరసలో ఇప్పటి వాడకం, హైవాటర్ (ఇప్పటిదాకా చేరిన గరిష్ఠ వాడకం), ప్రాసెస్ లిమిట్ మూడూ కనిపిస్తాయి. కామా తర్వాత ఖాళీ వదలకండి.

అడిగినవారు: లిమిట్ 2000, హైవాటర్ కూడా 2000. 64000 ఏమైపోయినట్టు?

జవాబు: టాస్క్ నడిచే యూజర్ ఐడీకి ఓఎంవీఎస్ సెగ్మెంట్‌లో (యూజర్ ప్రొఫైల్‌లోని యూనిక్స్ భాగం) ఫైల్‌ప్రాక్‌మాక్స్, అంటే ఆ యూజర్‌కి విడిగా పెట్టిన ఫైళ్ల లిమిట్, ఉండి ఉంటుంది. రాక్ఎఫ్‌లో (జడ్/ఓఎస్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్) లిస్ట్‌యూజర్ కమాండ్‌కి ఓఎంవీఎస్ చేర్చి చూడండి. సిస్టమ్ లిమిట్ మారిస్తే దాన్నే వాడుతున్న ప్రాసెస్‌లకి వెంటనే వర్తిస్తుంది. సొంత లిమిట్ ఉన్నవాటిని అది ముట్టుకోదు. ఎప్పుడో ఎవరో పెట్టి వదిలేసిన అంకె ఇలాగే వేధిస్తుంది. ఈ పూటకి సెట్‌ఓఎంవీఎస్ పీఐడీ=…,మాక్స్‌ఫైల్‌ప్రాక్=8000 చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. శాశ్వతంగా అయితే రాక్ఎఫ్ ఆల్ట్‌యూజర్ కమాండ్‌తో సెగ్మెంట్ మార్చి టాస్క్‌ని దించి ఎక్కించాలి.

ఇంకొకరు: పెంచడం సరే, పొద్దుటి నుంచి సాయంత్రానికి నిండుతోందంటే లీక్ ఉందేమో ముందు తేల్చండి. సాకెట్లూ (నెట్‌వర్క్ కనెక్షన్ల కొసలు) ఇదే లెక్కలోకి వస్తాయి. నెట్‌స్టాట్ కనెక్షన్ల జాబితాలో ఆ జాబ్ పేరు మీద క్లోజ్‌వెయిట్ వరసలు గంటగంటకీ పెరుగుతుంటే, అవతలివాళ్లు కనెక్షన్ తెంచేసినా మీ ప్రోగ్రామ్ క్లోజ్ పిలవట్లేదన్నమాట. ఒక్కో వరసకి ఒక డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్ లేదా సాకెట్‌కి ఇచ్చే నంబర్) ఇరుక్కుపోతుంది. టైమ్‌వెయిట్ చూసి కంగారుపడొద్దు, అవి ప్రోగ్రామ్ మూసేసినవే. లీక్ ఉంటే 8000 కూడా నిండుతుంది, కాస్త ఆలస్యంగా.

అడిగినవారు: క్లోజ్‌వెయిట్ 1700 దాటాయి, అన్నీ ఒకే పోర్ట్‌కి. డెవలపర్లకి పంపుతున్నా. మరి సాకెట్లకి విడిగా ఉన్న మాక్స్‌సాకెట్స్ లిమిట్ సంగతి?

జవాబు: అది ప్రాసెస్‌ది కాదు, మొత్తం ఏఎఫ్_ఐనెట్ (ఐపీవీ4 సాకెట్లు) డొమైన్‌ది. డి ఓఎంవీఎస్,పీ ఇచ్చి మాక్స్‌సాక్, ఓపెన్‌సాక్, హైయూజ్డ్ అంకెలు చూడండి. హైయూజ్డ్ అంకె మాక్స్‌సాక్ దగ్గరికి చేరితేనే బీపీఎక్స్‌పీఆర్‌ఎం మెంబర్‌లోని (యూనిక్స్ సెట్టింగులు ఉండే ఫైల్) నెట్‌వర్క్ స్టేట్‌మెంట్ జోలికి వెళ్లాలి. ఐపీవీ6 వాడుతుంటే ఏఎఫ్_ఐనెట్6 వరస కూడా చూడాలి.

ఇంకొకరు: సెట్‌ఓఎంవీఎస్ లిమ్‌ఎంఎస్‌జీ=ఆల్ కూడా పెట్టించండి. ప్రాసెస్ లిమిట్ 85 శాతానికి రాగానే కన్సోల్‌లో బీపీఎక్స్‌ఐ040ఐ హెచ్చరిక పీఐడీతో సహా పడుతుంది. ఐపీఎల్ (సిస్టమ్ రీబూట్) తర్వాత కూడా ఉండాలంటే పార్మ్‌లిబ్‌లోనూ (ఆ బీపీఎక్స్‌పీఆర్‌ఎం మెంబర్ ఉండే లైబ్రరీ) రాయించాలి.