ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల చుట్టూ జీవం కోసం వెతకడం సబబేనా?

వేగుచుక్క:
సూర్యుని కన్నా చిన్నవీ చల్లనివీ అయిన ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల్లో ఒకటైన ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించినప్పుడు మూడింటిని ఆవాసయోగ్య మండలంలో, అంటే నీరు ద్రవంగా నిలవగల దూరంలో చేర్చారు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అన్నిటికన్నా లోపలి గ్రహం పగటివైపు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వేడిని కొలిచింది. దట్టమైన వాతావరణం జాడ కనిపించలేదు. తరచూ జ్వాలలు విరజిమ్మే ఇటువంటి నక్షత్రాల మీద విలువైన పరిశీలన సమయాన్ని వెచ్చించడం నాకు సమ్మతం కాదు.

ధ్రువతార:
వేగుచుక్క గారూ, ఆ లోపలి గ్రహం మీరు చెప్పిన మూడింటిలో లేనే లేదు. గ్రహం తన నక్షత్రానికి అడ్డువచ్చినప్పుడు తగ్గే వెలుగును బట్టి ఇలాంటి గ్రహాలను పరిశీలిస్తాం. దూరం నుంచి చూసేవారికి సూర్యుని ముందు నుంచి భూమి దాటితే వెలుగు 0.0084 శాతమే తగ్గుతుంది, అదీ ఏడాదికొకసారి. ట్రాపిస్ట్-1 వ్యాసం సూర్యునిలో సుమారు ఎనిమిదో వంతు కనుక, ఆరు రోజులకొకసారి అడ్డువచ్చే నాలుగో గ్రహం దాని వెలుగును అర శాతం దాకా తగ్గిస్తుంది. కొలవగలిగిన చోటే కదా వెతకాలి!

చదువరి:
ఏడాదికొకసారి అయితే మాత్రం ఓపిక పట్టలేమా?

వేగుచుక్క:
నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆనాటి వార్త నమ్మి, పిల్లల చేత ఆ గ్రహాల మీద సముద్రాలు గీయించి గోడకు అంటించాను. తరువాత వాటిని నా చేతులతోనే తీశాను.

ధ్రువతార:
అది వార్త రాసినవారి తప్పు. మీ మనస్తాపానికి నక్షత్రాలనెందుకు దోషులను చేస్తారు?

వేగుచుక్క:
వార్త వారిదే కావచ్చు, ఆ మాట మాత్రం శాస్త్రజ్ఞులది. నీరు ద్రవంగా నిలవగల దూరాన్ని, వాతావరణం ఉందని ముందే అనుకుని లెక్కగట్టి, దానికి ఆవాసయోగ్యమని పేరు పెట్టారు. చంద్రుడు కూడా సూర్యుని ఆవాసయోగ్య మండలంలోనే ఉన్నాడు. అక్కడ నీటిచుక్క నిలుస్తుందా?

ధ్రువతార:
చంద్రుని మాట ఒప్పుకుంటాను. అందుకే 2024లో ఎర్ర మరుగుజ్జుల రాతి గ్రహాలకు వాతావరణం ఉందో లేదో తేల్చడానికి వెబ్ సమయంలో 500 గంటలు కేటాయించారు. లేదని తేలినా అది జవాబే. సూర్యుని వంటి నక్షత్రం పక్కన భూమి వంటి గ్రహాన్ని నేరుగా చూడాలంటే దాదాపు వెయ్యి కోట్ల రెట్లు ఎక్కువైన వెలుగును మరుగుపరచాలి. అందుకు నాసా తలపెట్టిన అబ్జర్వేటరీ 2040లకు గాని రాదు.

వేగుచుక్క:
అంతవరకు వెతకండి, వద్దనను. గాలి ఉందని కొలిచేదాకా ఆవాసయోగ్యమనకండి, అంతే.

చదువరి:
మరి పిల్లలకు ఆ మండలాన్ని ఏమని చెబుతున్నారు?

వేగుచుక్క:
ద్రవజల మండలమని.

ధ్రువతార:
దానికీ వాతావరణం కావాలి కదండీ.