నాన్నకి టీవీలో మాటలు అర్థం కావట్లేదు, ఏ సౌండ్‌బార్ తీసుకోవాలి?

ప్రశ్న – హనుమకొండ నుంచి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 43 అంగుళాల టీవీ ఉంది, 2019లో కొన్నాం. బొమ్మకి వంక పెట్టడానికి లేదు, మాటలే తెలియవు. నాన్న వాల్యూమ్ 45 దాకా పెడతారు. సినిమాలో ఎవరో మెల్లగా ఒక మాట అంటారు, "ఏమన్నాడురా?" అని నన్ను అడుగుతారు. నేను చెప్పేలోపు ఫైట్ మొదలై ఇల్లంతా మోగిపోతుంది, వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది. రోజూ ఇదే తంతు.

ఈ మధ్య నాన్న టీవీ ముందు కూర్చోవడమే తగ్గించేశారు. "నాకు అర్థం కావట్లేదులే, మీరు చూడండి" అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోతున్నారు. అది చూస్తుంటే మనసుకి కష్టంగా ఉంది. ఆయనకి 68 ఏళ్లు, ఆర్టీసీలో 30 ఏళ్లు బస్సు నడిపారు.

సౌండ్‌బార్, అదే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకర్, కొందామని షాపుకి వెళ్తే ఒకాయన 500 వాట్లది చూపించాడు, పక్క షాపులో అట్మాస్ లేకపోతే దండగ అన్నారు. నా దగ్గర 15 వేలు ఉన్నాయి, మరీ అవసరమైతే 18 దాకా పెట్టగలను. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. అద్దె ఇల్లు, కింద ఓనర్లు ఉంటారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు – విజయవాడ నుంచి

తమ్ముడూ, నేను టీవీలు రిపేరు చేస్తాను, పాత డబ్బా టీవీల కాలం నుంచీ ఇదే పని. డబ్బా టీవీలో స్పీకర్ ముందుకి చూస్తూ ఉండేది, దానికి ఊపిరి ఆడేంత చోటూ ఉండేది. ఇప్పటి టీవీ అంగుళం, రెండంగుళాల మందం. స్పీకర్లు కింది అంచునో వెనకవైపో ఉంటాయి. శబ్దం ముందు గోడకో టేబుల్‌కో తగిలి, ఆ తర్వాత మన దగ్గరికి వస్తుంది. వచ్చేసరికి మాట పదును పోతుంది.

రెండో కారణం సినిమాలోనే ఉంది. సినిమాల శబ్దాన్ని ఎక్కువగా 5.1 పద్ధతిలో కలుపుతారు. ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక రెండు, ఇవి 5. ఆ .1 అంటే బేస్, ధుం ధుం మనే లావు శబ్దం. మాటలు దాదాపుగా ఆ మధ్య స్పీకర్‌లోనే ఉంటాయి. నీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. మధ్యలో రావాల్సిన మాటని, పక్కన రావాల్సిన సంగీతాన్ని, పేలుళ్లని కలిపి ఆ రెండింటిలోకే కుక్కుతుంది. అందుకే మాట కోసం వాల్యూమ్ పెంచితే ఫైట్ నెత్తిన పడుతుంది.

కొనే ముందు ఇవాళే ఒక పని చెయ్యి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో సరౌండ్ ఆపెయ్యి. 'క్లియర్ వాయిస్' లాంటి మోడ్ ఉంటే అది పెట్టు, బేస్ తగ్గించు. యాప్‌లో సినిమా పెట్టినప్పుడు భాష ఎంచుకునే చోట తెలుగు 5.1, మామూలు తెలుగు రెండూ ఉంటే మామూలుది పెట్టు. తేడా తెలుస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత టీవీ వెనక ఏమేం పోర్టులు ఉన్నాయో చూసి రాయి. హెచ్‌డీఎంఐ పక్కన 'ఏఆర్‌సీ' అని ఎక్కడైనా రాసి ఉందా?

జవాబు – హైదరాబాద్ నుంచి

బ్రో, 15 వేలకి సౌండ్‌బార్ వద్దు. అదే డబ్బుకి ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ వస్తుంది. మా ఇంట్లో పదేళ్లుగా నడుస్తోంది, ఏ సౌండ్‌బారూ దాని ముందు నిలవదు.

జవాబు – విజయవాడ నుంచి

హైదరాబాద్ అన్నా, వెనక స్పీకర్లు సరిగ్గా కూర్చుంటే మీరన్నది నిజం. కానీ వాళ్లది అద్దె ఇల్లు. హాలు చుట్టూ వైరు తిప్పాలి, గోడకి మేకులు కొట్టాలి. తక్కువ ధర సెట్లలో హెచ్‌డీఎంఐ లేనివి కూడా ఉన్నాయి, అవి వేరే రిమోట్‌తో నడుస్తాయి. 68 ఏళ్ల మనిషి చేతికి మూడు రిమోట్లు ఇస్తే ఆయన మళ్లీ బాల్కనీకే పోతారు.

జవాబు – విశాఖపట్నం నుంచి

తమ్ముడూ, మేము చేసిన తప్పు మీరు చేయకండి. మా అత్తగారి కోసమే రెండేళ్ల క్రితం ఒక 2.1 సౌండ్‌బార్ తెచ్చాం, అంటే మధ్య స్పీకర్ లేనిది. అట్ట మీద వాట్ల అంకె పెద్దగా ఉందని, సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా వచ్చే డబ్బా) బండలా ఉందని అదే తీసుకున్నాం. షాపులో ఫైట్ సీన్ పెట్టి చూపించారు, ఛాతీ అదిరింది, వెంటనే డబ్బు కట్టేశాం. ఇంటికి తెచ్చి సీరియల్ పెడితే మాటల మీద దుప్పటి కప్పినట్టుంది. ధుం ధుం తప్ప ఏమీ తెలియదు. మూడో రోజు కింద ఫ్లాట్ ఆవిడ పైకి వచ్చారు. వాళ్ల పాపకి పరీక్షలట. సిగ్గేసింది.

తర్వాత తెలిసింది, సబ్‌వూఫర్ గది మూలలో పెడితే బేస్ ఇంకా ఊరుతుందని. మూలలోంచి మూడడుగులు ఇవతలికి జరిపాం, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాం, బేస్ సగానికి తగ్గించాం. అప్పటికి కొంత నయమైంది. చివరికి దాన్ని మా తమ్ముడికిచ్చి, మధ్యలో విడిగా స్పీకర్ ఉన్న 3.1 తీసుకున్నాం. అత్తగారు ఇప్పుడు ఎవరినీ అడగకుండా చూస్తున్నారు. మొదటే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే ఇంత రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మీరు చెప్పినట్టు సెట్టింగ్స్ మార్చాను. వార్తలు బాగా తేలాయి. సినిమాలు కొంచెమే నయం. టీవీ వెనక మూడు హెచ్‌డీఎంఐలు ఉన్నాయి, రెండో దాని దగ్గర ఏఆర్‌సీ అని ఉంది. సెట్‌టాప్ బాక్స్ ఇప్పుడు అందులోనే పెట్టి ఉంది. ఆప్టికల్ అని ఇంకో చిన్న చదరపు రంధ్రం కూడా ఉంది. అక్కా, మీరు చెప్పింది చదివి 500 వాట్లది పక్కన పెట్టేశాను. మరి అట్మాస్ సంగతి ఏంటి?

జవాబు – విజయవాడ నుంచి

ఏఆర్‌సీ ఉంది కాబట్టి సగం పని అయినట్టే. అది 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచీ ఉంది. ఒకే వైరు మీద టీవీలోని శబ్దం బార్‌కి వెళ్తుంది, టీవీ రిమోట్‌తోనే బార్ వాల్యూమ్ కదులుతుంది. నాన్నకి అదే ముఖ్యం. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1తో ఈఏఆర్‌సీ వచ్చింది, బ్లూరే డిస్కుల్లోని కుదించని శబ్దాన్ని కూడా అది మోస్తుంది. మీరు చూసేది యాప్‌లు, డీటీహెచ్. వాటికి ఏఆర్‌సీ చాలు. టీవీ మార్చాల్సిన పని లేదు.

ఆప్టికల్ తప్పనిసరైతేనే వాడాలి. మామూలు డాల్బీ 5.1 దాకా మోస్తుంది కానీ యాప్‌లు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్‌ని మోయలేదు, వాల్యూమ్ ఆజ్ఞలు కూడా దాని మీద నడవవు. బ్లూటూత్ పాటలకి బాగుంటుంది. టీవీకి పెడితే పెదవి ముందు కదిలి మాట తర్వాత వచ్చే ప్రమాదం ఉంది.

అట్మాస్ అసలు రూపంలో శబ్దం పై నుంచి కూడా రావాలి. బార్ మీద పైకి చూసే స్పీకర్లు ఉండి, శబ్దం కప్పుకి తగిలి కిందికి రావాలి. దానికి చదునైన, మరీ ఎత్తు లేని శ్లాబు కావాలి. మీ బడ్జెట్‌లో అట్మాస్ అని రాసి ఉన్న వాటిలో ఆ పై స్పీకర్లు లేనివి చాలా ఉంటాయి, లోపలి లెక్కలతో ఆ భ్రమ కలిగిస్తాయి. ఉంటే తప్పు కాదు, కానీ దాని కోసం మధ్య స్పీకర్‌ని వదులుకోవద్దు.

వాట్ల గురించి ఒక్క ముక్క. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే చెవికి కొంచెం పెరిగినట్టు ఉంటుంది అంతే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలి. మీ హాలుకి 100 నిజమైన వాట్లు ధారాళం. 'ఆర్‌ఎంఎస్' అని రాసిన అంకె చూడండి, అది నిలకడగా ఇచ్చే శక్తి. 'పీఎంపీఓ' అంటే క్షణం పాటు వచ్చే గరిష్ఠ అంకె, దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు.

జవాబు – నిజామాబాద్ నుంచి

నేను ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. అందరూ బార్ గురించే చెప్తున్నారు, మీరు రాసిన ఇంకో మాట నన్ను ఆపింది. 30 ఏళ్లు బస్సు ఇంజిన్ పక్కన కూర్చున్నారు, ఇప్పుడు 68. వయసుతో, ఏళ్ల తరబడి మోతతో, ముందుగా తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. అచ్చులు లావు శబ్దాలు, అవి బాగానే వినిపిస్తాయి. స, శ, త, ప, క లాంటి హల్లుల పదును సన్నని శబ్దాల్లో ఉంటుంది. అందుకే "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. మీ నాన్నగారూ అచ్చం అదే మాట అన్నారు చూడండి.

దయచేసి ఒకసారి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. నొప్పి ఉండదు, అరగంటలో అయిపోతుంది. బార్ కొనడం మానమని కాదు, రెండూ చేయండి. ఇంట్లో ఆయనతో మాట్లాడేటప్పుడు కూడా "ఏంటి?" అని మళ్లీ అడుగుతున్నారా గమనించండి. టీవీకే పరిమితమైతే బార్‌తో తీరొచ్చు. మనుషులతో కూడా అదే అయితే బార్ ఒక్కటే సరిపోదు.

బార్‌లో 'వాయిస్' మోడ్ ఉందో లేదో చూసుకోండి. అది మాటల భాగాన్ని పైకి తెస్తుంది. బేస్ తగ్గించి ట్రెబుల్ (సన్నని శబ్దం) ఒకటి రెండు మెట్లు పెంచితే హల్లులు తేలతాయి.

ప్రశ్న అడిగినవారు

మీరు అడిగాక గుర్తొచ్చింది మేడమ్. ఫోన్‌లో కూడా స్పీకర్ పెట్టుకునే మాట్లాడుతున్నారు. మేము పట్టించుకోలేదు. ఈ శనివారమే తీసుకెళ్తాను.

జవాబు – విశాఖపట్నం నుంచి

షాపుకి వెళ్లినప్పుడు నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, వినాల్సింది ఆయన చెవులు. ఫైట్ సీన్ వద్దని చెప్పండి. ఒక వార్తల క్లిప్, ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటుంటే వెనక సంగీతం వచ్చే సీన్ ఒకటి పెట్టించండి. వాల్యూమ్ తక్కువలో వినండి, ఎక్కువలో అన్నీ బాగానే ఉంటాయి. బార్ పొడవు టీవీ కంటే ఎక్కువ కాకుండా, ఎత్తు టీవీ కాళ్ల సందు కంటే తక్కువ ఉండేలా టేపుతో కొలుచుకుని వెళ్లండి. ఎత్తైన బార్ టీవీ రిమోట్ సిగ్నల్ తగిలే చోటుకి అడ్డం వస్తుంది. తిరిగి తీసుకుంటారా లేదా బిల్లు రాయించే ముందే అడగండి.

ఇంకోటి, మన హాళ్లలో గ్రానైటు, టైల్స్, ఖాళీ గోడలు. శబ్దం అటూ ఇటూ తగిలి మాట చెదిరిపోతుంది. మేము కిటికీలకి మందపాటి కర్టెన్లు, సోఫా ముందు ఒక తివాచీ వేశాక మా బార్ మారినట్టే అనిపించింది. ఫ్యాన్ ఐదు మీద, కూలర్ పక్కనే ఉంటే ఏ స్పీకరూ గెలవదు.

ప్రశ్న అడిగినవారు – తొమ్మిది రోజుల తర్వాత

అందరికీ చాలా థాంక్స్. నాన్నతో వెళ్లి నాలుగు విన్నాం. 3.1 ఒకటి ఆయనే ఎంచుకున్నారు, పదహారు వేల ఐదొందలు అయింది. షాపు మనిషి వచ్చి బిగించి వెళ్లాడు. కానీ కొంచెం టెన్షన్‌గా ఉంది. ప్రతి మాటా రెండుసార్లు వస్తున్నట్టు, బావిలోంచి మాట్లాడినట్టు ఉంది. టీవీ రిమోట్‌తో బార్ వాల్యూమ్ కదలట్లేదు. బార్ పాడైనదా?

జవాబు – విజయవాడ నుంచి

కంగారు పడకు. వెనక చూసి చెప్పు, బార్‌కి వెళ్లిన వైరు సన్నగా, చివర ఎర్ర వెలుగు వచ్చేదేనా? అయితే ఆయన ఆప్టికల్ పెట్టి వెళ్లాడు, హెచ్‌డీఎంఐ రెండులో నీ సెట్‌టాప్ బాక్స్ ఉంది కదా. అందుకే టీవీ స్పీకర్, బార్ రెండూ మోగుతున్నాయి.

రెండూ ఆఫ్ చేసి, ప్లగ్గులు కూడా తీసి, సెట్‌టాప్ బాక్స్‌ని హెచ్‌డీఎంఐ ఒకటికి మార్చు. బార్ మీద 'ఏఆర్‌సీ' అని రాసిన పోర్టు నుంచి టీవీ రెండో పోర్టుకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టు. ఆప్టికల్ తీసెయ్యి. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చెయ్యి, టీవీ రిమోట్‌తో బార్ కదిలేది దానివల్లే. ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది: సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. సౌండ్ అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని ఎంచుకో. డిజిటల్ అవుట్‌పుట్ 'ఆటో' లేదా 'పాస్‌త్రూ' మీద ఉంచు. 'పీసీఎం' పెడితే 5.1 వెళ్లదు, రెండు ఛానళ్లే వెళ్తాయి.

పెదవికీ మాటకీ పొత్తు కుదరకపోతే, మాట ముందే వస్తుంటే బార్‌లో 'ఏవీ సింక్' కొద్దిగా పెంచు. మాట వెనకపడుతుంటే టీవీలో ఆడియో డిలే సున్నాకి తెచ్చి చూడు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మీరన్నది అక్షరాలా నిజం, ఆప్టికలే. మార్చాను. ఇప్పుడు ఒకే గొంతు, ఒకే రిమోట్. సెట్‌టాప్ బాక్స్ ఒకటో పోర్టుకి వెళ్లిందని నాన్న తికమక పడకుండా, టీవీలో దాని పేరు 'డిష్' అని తెలుగులో రాసి పెట్టాను. సబ్‌వూఫర్ మూలలో కాకుండా సోఫా పక్కన పెట్టాం, రాత్రి తొమ్మిది తర్వాత నైట్ మోడ్. కింద ఓనర్ ఆంటీని అడిగాను, ఏమీ వినపడట్లేదన్నారు.

ఆడియోమెట్రీ కూడా అయింది మేడమ్. రెండు చెవుల్లోనూ సన్నని శబ్దాలు తగ్గాయని చెప్పారు, చెవి మిషన్ పెట్టుకుంటే మంచిదన్నారు. నాన్న ముందు వద్దన్నారు. నిన్న రాత్రి సినిమా పూర్తిగా, వాల్యూమ్ 18 మీద చూశారు. అయ్యాక, "ఆ డాక్టర్ దగ్గరికి మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని ఆయనే అడిగారు. బుధవారం వెళ్తున్నాం.

జవాబు – నిజామాబాద్ నుంచి

చాలా సంతోషం. మిషన్ ఎంచుకునేటప్పుడు ట్రయల్‌కి ఇస్తారా అని అడగండి, ఇంటికి తెచ్చి ఇదే టీవీ ముందు కూర్చుని విననివ్వండి. మొదటి రెండు వారాలు ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు కూడా ఎక్కువగా అనిపిస్తాయి. తీసి పక్కన పెట్టేయకుండా రోజూ కాసేపు పెట్టుకోమనండి. అప్పుడు బార్ ట్రెబుల్ మళ్లీ మామూలుకి తెచ్చుకోవచ్చు.