చవక కూలా, చవక కూలీలా?

అంబాజీపేట: ఒక వాక్యం రెండు రోజులుగా నన్ను వదలడం లేదండి. చాలా ఏళ్ళ కిందట మా కాలేజీ వార్షికోత్సవంలో ఇంగ్లీషు రచయిత ప్రీస్ట్‌లీ నాటకం 'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్'ని ఎవరో తెలుగు చేసి ఆడారు. ఫ్యాక్టరీ యజమాని కూతురు షీలా లేచి నిలబడి "వీళ్ళు చవక కూలి కాదు నాన్నా, మనుషులు" అంటుంది. ఈ ఏడాది మా పిల్లలతో ఆడిద్దామని కూర్చుంటే ఆ స్క్రిప్టు ఎక్కడా దొరకడం లేదు. నా చెవిలో 'లి' పొట్టిగానే ఉంది. మా తమ్ముడు మాత్రం 'కూలీలు కాదు' అనే విన్నానంటున్నాడు. ఆ రోజు వాడు ముందు వరసలో కూర్చున్నాడు.

పాలకొల్లు: పొట్టిదే అయ్యుండాలి. 'కూలీలు కాదు, మనుషులు' అంటే కూలీలు మనుషులు కారన్న అర్థం వచ్చి కూర్చుంటుంది. షీలా మనసులో ఉన్నది దానికి పూర్తిగా ఎదురు. కూలి అంటే డబ్బు. ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిల్ని జీతాల పద్దులో అంకెలుగా చూడొద్దంటోంది. బ్రౌను నిఘంటువులోనూ కూలి అంటే రోజు జీతమే. మనిషి కావాలంటే 'కూలివాడు' అనాలి.

రాజోలు: ముందు ఆ 'నాన్నా' సంగతి చూడండి. మూలంలో ఆ మాట తండ్రితో అనదు. చాలీచాలని జీతంతో బతికే అమ్మాయిలే లేకపోతే ఫ్యాక్టరీలకి చవకగా పనివాళ్ళు ఎక్కడ దొరుకుతారో తెలియదు, మీ నాన్ననే అడుగు అంటాడు ఇన్‌స్పెక్టర్. అప్పుడు వస్తుంది ఆ మాట. జవాబు ఇన్‌స్పెక్టర్‌కి, తగిలేది పక్కనే ఉన్న తండ్రికి. 'నాన్నా' చేరిస్తే అది తండ్రీకూతుళ్ళ తగువు అయిపోతుంది.

ఇక కూలి అంటే డబ్బేనంటే మా వైపు ఒప్పుకోరు మాస్టారూ. కొబ్బరికాయలు దింపేవాణ్ణి "దింపు కూలి ఎంత?" అంటే డబ్బు, నిజమే. "కూలికెళ్ళాడు" అంటే పనికెళ్ళాడని. "కూలినాలి చేసి పెంచింది" అంటే కష్టమంతా అందులోనే ఉంది. పని, డబ్బు రెండూ ఆ మాటలో ఉన్నాయి, మనిషి లేడు. మూలంలో షీలా అన్న ఇంగ్లీషు మాట 'లేబర్'లో పనీ మనిషీ ఉన్నారు, డబ్బు లేదు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోదు.

కాకినాడ: శ్రీశ్రీని అందరూ మర్చిపోయారా? "తాజమహల్ నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీ లెవ్వరు?" అక్కడున్నది దీర్ఘం. తెలుగు చదువుకున్నవాళ్ళ చెవిలో కూలీ మనిషై నిలబడింది ఆ దీర్ఘంతోనే.

పాలకొల్లు: ఆ దీర్ఘం మాత్రల కోసం వచ్చింది. 'రాళ్ళెత్తిన' 6, 'కూలీ లెవ్వరు' 8, మొత్తం 14. హ్రస్వం పెట్టి చదవండి, ఒకటి తగ్గి పాదం కుంటుతుంది. 'అది మోసిన బోయీ లెవ్వరు'లో బోయిని కూడా అలాగే సాగదీశాడు. మామూలుగా బోయి అనే కదా అంటాం? కాబట్టి ఈ సాక్ష్యం చెల్లదు.

కాకినాడ: నాకు అదే పెద్ద సాక్ష్యమండి. పల్లకి కాదోయ్ అని తోసేసి, మోసినవాడి దగ్గర గొంతు ఒక మాత్ర ఎక్కువ ఆగేలా చేశాడు. 'బోయీ' అన్నప్పుడు ఆ భుజం కనపడుతుంది నాకు. హైస్కూల్లో మొదటిసారి పైకి చదివిన రోజు నుంచీ అంతే.

నరసాపురం: శ్రీశ్రీ కంటే ముందు గురజాడ దగ్గరికి వెళ్ళాలి. 'దేశమంటే మనుషులోయ్' 1910 నాటి మాట. ప్రీస్ట్‌లీ నాటకం మొదట ఆడింది 1945లో, మాస్కోలో. కథ జరిగేది మాత్రం 1912లో. షీలా 'మనుషులు' అనేనాటికి ఆ మాటకి తెలుగులో చోటు సిద్ధంగా ఉంది. బరువంతా దాని మీద వెయ్యండి, కూలి ఎలా పలికినా నష్టం లేదు.

అదే గేయంలో "పొరుగువాడికి తోడుపడవోయ్" అని ఉంది కదా. చాలామంది 'పొరుగువారికి' అని పాడేస్తారు. 'వాడికి' అన్నా 'వారికి' అన్నా 4 మాత్రలే కాబట్టి ఛందస్సు ఏమీ తేల్చదు. నాకు 'వాడికి' అంటేనే ప్రాణం. ఊళ్ళో అందరూ 'వారు' అని పిలిచే మనిషికి మన తోడు ఎందుకు? 'ఒరేయ్' అనిపించుకునేవాడికే కావాలి.

రాజోలు: అంత లాగకండి. 'ఉన్నవాడు, లేనివాడు' అంటాం, అందులో చులకన ఎక్కడుంది? పొరుగున ఎవడున్నా వాడే.

నరసాపురం: 'ఉన్నవాడు' అని ఎదురుగా అనం కదండీ, చాటునే అంటాం.

అంబాజీపేట: మళ్ళీ షీలా దగ్గరికి రండి, దయచేసి. వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీలు ఇస్తుంటే 25 షిల్లింగులు చేయమన్నందుకే కదా ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఈవా స్మిత్‌ని షీలా తండ్రి పనిలోంచి తీసేసింది. గొడవంతా కూలి దగ్గరే మొదలైంది. అందుకే పొట్టి 'లి' వైపే మొగ్గాను.

నిన్న రాత్రి మా అమ్మని అడిగాను. పెళ్ళయ్యేదాకా ఊడ్పులకి వెళ్ళిన మనిషి. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, తలెత్తకుండా చెప్పింది: "కూలికెళ్ళాం అనుకునేవాళ్ళం. కూలీలం అని మాలో మేం ఎప్పుడూ అనుకోలేదు. 'కూలోళ్ళొచ్చారా' అని గట్టు మీంచి కామందు అరిచేవాడు." అప్పటినుంచి ఇంకో ఆలోచన పట్టుకుంది. షీలా గట్టు మీద పిల్ల. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నోటికి మొదట 'కూలోళ్ళు' అనే వస్తుందేమో. ఆ మాట దగ్గరే ఆగి, 'మనుషులు' అనాలేమో.

పాలకొల్లు: 'కూలోళ్ళు కాదు, మనుషులు' అన్నా నా అభ్యంతరం అలాగే ఉంటుందండి.

రాజోలు: ఉండనివ్వండి మాస్టారూ. అంబాజీపేటగారూ, అమ్మగారిని ఇంకొక్కటి అడిగి చెప్పండి. గట్టు మీంచి పిలిచేటప్పుడు ఆయన 'కూ' దగ్గర సాగదీసేవాడా, 'లో' దగ్గరా?