ఫిగర్డ్ సిల్క్ అంటే ఏది? ప్రింటు చీరకీ ఆ మాట వాడొచ్చా?

ప్రశ్న (బరంపురం)
చీరల కేటలాగు ఇంగ్లీషులో రాస్తున్నాం. పాత జాబితాలో ‘ప్లెయిన్’, ‘ఫిగర్డ్’ అని రెండు వరసలున్నాయి. ఫిగర్డ్ అంటే బొమ్మలున్నదనా? అలాగైతే నెమళ్లు ప్రింటేసిన చీర కూడా అందులోకే వస్తుందా? మరి మా కుంభం అంచు (గుడి గోపురాల్లాంటి కోణాలు వరసగా ఉండే అంచు) చీర?

జవాబు (పర్లాకిమిడి)
ప్రింటుది అందులో వెయ్యకండి. నిఘంటువు ప్రకారం డిజైనున్నది ఏదైనా ఫిగర్డే గానీ, పట్టు వ్యాపారంలో ఆ మాటకి మగ్గం మీద నేతలోనే తేల్చిన డిజైను అని అర్థం. బొమ్మే ఉండక్కర్లేదు, చుక్కైనా తీగైనా చాలు. డాబీ, జకార్డు అంటే డిజైను నెయ్యడానికి మగ్గానికి బిగించే పరికరాలు. డాబీ మీద చిన్న బుటా, జకార్డు మీద పెద్ద కొంగు, రెండూ ఫిగర్డే.

చీర తిరగేసి చూడండి. బుటా వెనక పోగులు తేలుతుంటే, లేదా కత్తిరించిన కొసలు చేతికి గరగరమని తగిలితే అది నేత. ప్రింటుకి వెనక రంగు వెలిసినట్టుంటుంది. ఇప్పుడు కొన్ని ప్రింట్లు రెండో వైపుకీ దిగుతున్నాయి, అందుకని అనుమానమొస్తే కొంగు చివర ఒక్క పేక పోగు (అడ్డపోగు) లాగండి. ఒకే పోగు మీద రంగు ముక్కలు ముక్కలుగా కనిపిస్తే డిజైను నేతది కాదు.

కుంభం అంచుది, ఒళ్లంతా సాదా అయితే, ‘ప్లెయిన్ బాడీ, ఫిగర్డ్ బార్డర్’ అని రాయండి.

జవాబు (రాయగడ)
పోగు పరీక్షలో ఒక చిక్కుందండీ. ఇక్కత్ పోగు మీద కూడా రంగు ముక్కలుగానే ఉంటుంది, నేతకి ముందే ముడులు కట్టి అద్దుతారు కాబట్టి. దాన్ని ప్రింటని పారెయ్యకండి. డిజైను అంచులు కాస్త చెదిరినట్టుండి, రెండు వైపులా రంగు ఒకేలా ఉంటే ఇక్కత్. నేత సాదాదే కనక ఫిగర్డ్ అనొద్దు, ‘ఇక్కత్’ అనే రాయండి. అదే చీర అంచులో డాబీ ఉంటే ఆ అంచు మటుకు ఫిగర్డే.

జవాబు (సిరొంచ)
మా వైపు టేకు దగ్గర ఈ మాట వినిపిస్తుంది. ఫిగర్డ్ టీక్ అంటే చెక్కడం పని కాదు, చెక్కలో సహజంగా అలలు తిరిగిన చార. ‘హైలీ ఫిగర్డ్’ అంటే చార బాగా ఉందని. స్నానాల గది కిటికీకి వేసే పువ్వుల గాజుకీ ఫిగర్డ్ గ్లాసే పేరు. పాశ్చాత్య సంగీతంలో ఫిగర్డ్ బేస్ (కింది స్వరాల దగ్గర అంకెలు వేసి రాసే పద్ధతి) మాత్రం వేరే దారి, అక్కడ ఫిగర్ అంటే అంకె.

ఇంకోటి, మనిషి ఒళ్లు బాగుందని ‘వెల్ ఫిగర్డ్’ అని రాసేస్తుంటారు. చీర కట్టిన అమ్మాయి ఫొటో కింద అది అసలే పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
సరేనండీ. నెమళ్ల చీర ‘ప్రింటెడ్’లోకి మార్చాను. బుటా చీరకి ‘సిల్క్ ఫిగర్డ్ విత్ స్మాల్ ఫ్లవర్స్’ అనొచ్చా?

జవాబు (పర్లాకిమిడి)
అనొచ్చు. కాకపోతే ఇప్పటి కొనుగోలుదారుకి ఆ మాట పాతది, పక్కన ‘వోవెన్’ అని కూడా చేర్చండి.