ఎస్‌ఏసీడీనా, డీవీడీ-ఆడియోనా, బ్లూ-రేనా? మా గదికి ఏ ప్లేయర్ కొందాం?

కోటిపల్లి రేవు:
అందరికీ నమస్కారం. అమలాపురంలో పాటల పిచ్చి ఉన్నవాళ్లం కొందరం చందాలేసుకున్నాం. లైబ్రరీ మేడ మీద గది ఇస్తామన్నారు. యాంప్లిఫయర్, స్పీకర్లు ఉన్నాయి, ప్లేయరే కొనాలి. సీడీకన్నా మెరుగైన డిస్కులు వినాలని కోరిక. ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) ఆడేది తీసుకోవాలా, డీవీడీ-ఆడియో ఆడేదా, బ్లూ-రే చాలా? వాడినవాళ్లు కారణాలతో చెప్పండి. వచ్చే మీటింగులో తేల్చేయాలి.

సన్నాయి మేళం:
ఎస్‌ఏసీడీ. రెండో ఆలోచన వద్దండి. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చారు. 1982లో సీడీ తెచ్చిందీ వాళ్లే. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో (సున్నా-ఒకటి అంకెల్లో) రాస్తారు. ఎస్‌ఏసీడీలో కొలతకి ఒక్క బిట్టే, కానీ సెకనుకు 28,22,400 సార్లు. దీన్నే డీఎస్‌డీ అంటారు. సీడీలో ధ్వని 22 కిలోహెర్ట్జ్ (సెకనుకు 22 వేల కంపనాలు) దగ్గర ఆగిపోతే ఇది 100 దాకా వెళ్తుంది.

వయొలిన్ కమాను తీగ మీద ఆనగానే, స్వరం ఇంకా పుట్టకముందు, చిన్న గరగర ఉంటుంది. సీడీలో అది నాకు గీసినట్టు వినిపిస్తుంది. ఎస్‌ఏసీడీలో కమానుకి రాసిన రజనం తెలుస్తుంది. ఇంకో సంగతి, హైబ్రిడ్ ఎస్‌ఏసీడీలో సీడీ పొర కూడా ఉంటుంది కాబట్టి మీ ఇంట్లో పాత సీడీ ప్లేయర్‌లోనూ ఆడుతుంది. డీవీడీ-ఆడియో డిస్కులు చాలావాటికి మెనూ చూడ్డానికి టీవీ ఉండాలి. కళ్లు మూసుకుని వినే గదిలో టీవీ ఎందుకండి? పైగా అవి రావడం ఎప్పుడో ఆగిపోయినంత పనైంది. జపాన్‌లో ఎస్‌ఏసీడీలు ఇప్పటికీ విడుదల చేస్తున్నారు.

ధవళేశ్వరం లాకులు:
మాస్టారూ, ఆ 100 కిలోహెర్ట్జ్ మాట ఒకటి పక్కన పెట్టండి. ఒక్క బిట్టుతో కొలిస్తే బోలెడంత రొద పుడుతుంది. అది పోదు. కాలవలో తీసిన పూడికని గట్టు మీద పోసినట్టు, దాన్ని 20 కిలోహెర్ట్జ్ పైకి నెట్టేస్తారు. మీరు సంగీతం ఉందంటున్న చోట ఉన్నది ఎక్కువగా ఆ రొదే. అందుకే చాలా ప్లేయర్లలో 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పెడతారు.

డీవీడీ-ఆడియోలో రెండు చానళ్లకి 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 కొలతలు) పీసీఎం, అంటే సీడీలో లాంటి కొలతల పద్ధతే. ఎంఎల్‌పీ పద్ధతిలో కుదిస్తారు, ఒక్క బిట్టు కూడా పోదు. అది ఆగిపోయిన మాట నిజమే. అవే అంకెలు బ్లూ-రేలోనూ ఉన్నాయి, మామూలు బ్లూ-రే ప్లేయర్‌లో ఆడతాయి. ఎస్‌ఏసీడీ పొరని కంప్యూటర్ డ్రైవు చదవదు. డిస్కు మీదే అయినా మామూలు కంప్యూటర్‌లో కాపీ తీసి దాచుకోలేరు. నా ఓటు బ్లూ-రేకి.

ఉప్పు గాలి:
అంతర్వేది వైపు ఏ ప్లేయరైనా లెన్సు మీద ఉప్పుపొర కడుతుంది. ముందు గదికి కిటికీలు సరిగ్గా పడతాయో లేదో చూసుకోండి.

సన్నాయి మేళం:
100 కిలోహెర్ట్జ్ నేను కల్పించింది కాదు, తయారీదార్లే చెప్పింది. లాకుల గారు రాసినదాంట్లో ఇది తప్పు అని ఎక్కడుంది? రొద ఉందన్నారు. రొద మధ్యలో సంగీతం లేదని చెప్పలేదు. ముందు దానికి జవాబు చెప్పండి.

ధవళేశ్వరం లాకులు:
చెప్తున్నాను. మనిషి చెవి పసితనంలో 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ పైనుంచి తగ్గుకుంటూ వస్తుంది. ఈ గదికి వచ్చేవాళ్లలో సగం మంది రిటైరైనవాళ్లు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితం రాశారు. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కులు ఆడిస్తూ, దారి మధ్యలో అదే శబ్దాన్ని సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించి వినిపించారు. ఏది ఏదో చెప్పమంటే 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

వీణ టీచర్:
ఆ పరీక్షకి వాడిన డిస్కుల్లో కొన్ని అసలు తక్కువ స్థాయి రికార్డింగుల నుంచే చేశారని తర్వాత విమర్శలు వచ్చాయండి. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం రీస్ గారు పాత పరీక్షలు చాలా కలిపి లెక్క తీశారు. సరైన జవాబులు సగటున 52 శాతం చిల్లర, ఊరికే ఊహిస్తే 50 వస్తుంది. వినడంలో తర్ఫీదు ఉన్నవాళ్లకి ఇంకా బాగా తెలిసింది. తేడా చిన్నదే, కానీ లేదనలేం.

సన్నాయి మేళం:
ఆయ్! వినండి. తర్ఫీదు ఉన్న చెవికి తెలుస్తుంది. అదే మేయర్, మోరన్‌లు ఇంకో మాట కూడా రాశారు. ఈ డిస్కులు మామూలు సీడీలకన్నా బాగున్నాయి, వాటిని తయారుచేసేటప్పుడు తీసుకున్న శ్రద్ధ అలాంటిది అని. అది ఎందుకు వదిలేశారు లాకుల గారూ?

ధవళేశ్వరం లాకులు:
వదల్లేదు, అది నా వాదనే. బాగుండేది మాస్టరింగ్ (రికార్డింగుని డిస్కుకి సిద్ధం చేసే చివరి పని) వల్ల, డిస్కు వల్ల కాదు. హెచ్చుతగ్గులు నొక్కేసి మొత్తం గట్టిగా చేసిన పాటని ఎస్‌ఏసీడీలో వేసినా అంతే ఉంటుంది.

నా అనుభవం కూడా రాస్తాను. ఒక పెద్ద ఊళ్లో కొట్టువాడు అన్ని డిస్కులూ ఆడే ప్లేయర్ అని సెకండ్ హ్యాండ్‌ది అంటగట్టాడు. మొదటి వానాకాలానికే ఎస్‌ఏసీడీ పొర చదవడం మానేసింది. ఆ పొరకి 650 నానోమీటర్ల లేజరు, సీడీ పొరకి 780ది. మొదటిది బలహీనపడింది, సీడీలు మాత్రం ఆడుతున్నాయి. విడిభాగం ఎక్కడా దొరకలేదు. కొట్టువాడు ఫోన్ ఎత్తలేదు. పైగా ఈ రకం ప్లేయర్లకి పేరున్న ఒప్పో 2018లోనే తయారీ ఆపేసింది. చందా డబ్బుతో కొని మూలన పడేస్తారా?

సన్నాయి మేళం:
కొట్టువాడు మోసం చేస్తే డీఎస్‌డీది తప్పా? వస్తువు చూసుకుని కొనుక్కోవాలి. అంకెలతో సంగీతం వినేవాళ్లకి ఏం కొనిపెట్టినా ఒకటే. చెవి లేనివాళ్లు సలహాలివ్వడం మానేస్తే మీటింగు తొందరగా అవుతుంది.

ధవళేశ్వరం లాకులు:
చెవి లేదా? మా నాన్నగారు మృదంగం వాయించేవారు. ఆయన పక్కన కూర్చుని పెరిగాను నేను. పెద్దవారని ఇంతసేపూ ఊరుకున్నాను.

వేదిక నిర్వహణ:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారైతే చర్చ మూసేస్తాం.

లంకవాసి:
ఇంతసేపూ చదివాను. ఒక్కటి అడుగుతాను, ఇద్దరూ చెప్పండి. ఈ ప్లేయర్ కొన్నాక అందులో ఏం వేస్తారు? శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారి పాట, ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి గారి వీణ, కాకినాడ చిట్టిబాబు గారి వీణ, ఇవి ఏ ఎస్‌ఏసీడీలో ఉన్నాయో, ఏ బ్లూ-రేలో ఉన్నాయో చూపించండి. నేను ఏ కొట్లోనూ చూడలేదు. మీరు కొనబోయేవి ఎవరి పాటలు?

నవరాత్రి పందిళ్లలో మా పెదనాన్న, ఆయన స్నేహితులు రికార్డు చేసిన టేపులు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. స్పూళ్లు (పెద్ద చక్రాల టేపులు) కొన్ని, క్యాసెట్లు కొన్ని. వరద వచ్చినప్పుడల్లా ఆ పెట్టెని అటక మీదకి ఎక్కిస్తాం. మొన్న ఒక స్పూలు ఆడిస్తే హెడ్డు మీద గోధుమరంగు పొడి రాలింది. దూదితో తుడిస్తే దూదంతా అదే రంగు. ఆ పొడిలోనే పాట ఉంది, రాలితే మళ్లీ రాదు. చందాలు వేసేటప్పుడు ఈ టేపుల మాట ఎత్తాను. తర్వాత చూద్దాం అన్నారు. అన్నది సన్నాయి మేళం గారే.

కోటిపల్లి రేవు:
లంకవాసి గారూ, ఆ రోజు మీటింగు మినిట్సులో అది రాయలేదు. నాకు ఇప్పుడే తెలుస్తోంది.

సన్నాయి మేళం:
అన్నాను. ఎందుకన్నానో కూడా చెప్తాను. నా వయసంతా పందిరి మైకుసెట్టు బాకాల్లోనే సంగీతం విన్నాను. సన్నాయి ఏదో కూత ఏదో తెలియని శబ్దం అది. ఊళ్లో పిల్లలకి ఒక్కసారైనా అసలు వాద్యం ఎలా మోగుతుందో వినిపించాలని నా కోరిక. ఎవరి సంగీతమైనా సరే, నాదం అంటే ఏంటో తెలియాలి. మీ టేపుల్లో ఉన్నది ఆ బాకాల చప్పుడే. జనరేటర్ గుంయ్ మంటూ, వెనకాల పిల్లల ఏడుపులు. దానికోసం ఉన్న డబ్బంతా పెడితే గదికి ఎవరొస్తారు?

వీణ టీచర్:
అన్ని టేపులూ బాకా ముందు తీసినవి కాదండి. గాయకుడి మైకు నుంచే తీగ లాగి రికార్డు చేసినవి నేను విన్నాను. నా దగ్గరికొచ్చే పిల్లలకి గమకం ఎలా పడాలో నేర్పడానికి అలాంటివే వాడతాను. జనరేటర్ మోత వాళ్లకి అడ్డు రాలేదు.

ధవళేశ్వరం లాకులు:
లంకవాసి గారి మాటే నా మాట. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ పాత టేపుల్ని 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో భద్రపరచమంటుంది. కనీసం 48 ఉండాలంటుంది. అంటే మామూలు పీసీఎం ఫైలు. టేపు శబ్దాన్ని కంప్యూటర్ ఫైలుగా మార్చే మంచి కన్వర్టర్ ఒకటి, హార్డ్ డిస్కులు రెండు. ఆ రెండూ వేర్వేరు ఇళ్లలో ఉండాలి, వరద అందరి అటకా ఎక్కదు కదా. ఇవి కొన్నాక మిగిలినదాంతో బ్లూ-రే ప్లేయర్ వస్తుంది.

సన్నాయి మేళం:
చివరికి మీ పీసీఎంకే తెచ్చి కట్టారు. టేపుల్ని ఫైళ్లలోకి ఎక్కించడానికి వేరే చందా పెట్టండి, నా వాటా అందరికన్నా ముందిస్తాను. ఈ చందా మాత్రం వినడానికి వేసినది. ఇందులోంచి పైసా కదిలిస్తే ఒప్పుకోను.

లంకవాసి:
వేరే చందా అయ్యేసరికి ఇంకో రెండు వానాకాలాలు పోతాయండి. మీటింగుకి పెట్టె పట్టుకొస్తాను. అందరి ముందూ తెరుస్తాను. అప్పుడు చెప్పండి ఒప్పుకోనని.

ఉప్పు గాలి:
మా ఇంట్లో పనిచేసే స్పూల్ డెక్కు ఉంది, తెస్తాను. లంకవాసి గారూ, మీ స్పూళ్లు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంవా, తొమ్మిదిన్నరవా? నా దానిలో 19 ఒక్కటే సరిగ్గా తిరుగుతుంది. తొమ్మిదిన్నరైతే ఇప్పుడే చెప్పండి, బెల్టు మార్పించాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, పొడి రాలుతున్న స్పూలుని అప్పటిదాకా మళ్లీ ఆడించకండి.